నాన్నగారు చేసిన ముఖం ఫోటోలో ఎందుకు మారిపోతోంది?

ప్రశ్న: మాది కోనసీమలో కొత్తపేట దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు ముప్పై ఏళ్ళుగా విగ్రహాలు చేస్తున్నారు. ముందు మట్టిలో చేసి, తర్వాత ఫైబర్‌లోనో కంచులోనో పోస్తారు. ఇదివరకు ఆర్డర్ ఇచ్చిన పార్టీవాళ్ళు షెడ్డుకు వచ్చి మట్టి బొమ్మ చూసి ఓకే చెప్పేవారు. ఇప్పుడు అందరూ వాట్సాప్‌లో ఫోటో పంపమంటున్నారు. నేను ఫోన్‌తో తీసి పంపితే "ముఖం చప్పగా ఉంది, పోలిక రాలేదు, బుగ్గలు ఉబ్బినట్టున్నాయి" అంటారు. అదే మనిషి షెడ్డుకు వచ్చి చూస్తే "అచ్చం మా తాతగారే" అంటాడు. కంచు విగ్రహమైతే మరీ ఘోరం, ముఖం నిండా తెల్లటి మచ్చలు. పెద్ద కెమెరా కొనాలా, లైట్లు కొనాలా? మొన్న నేను తీసిన ఫోటో చూసి పార్టీవాళ్ళు ఏదో అన్నారని నాన్నగారు బాగానే ఉన్న ముక్కును మళ్ళీ సవరించారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.
— ఒక శిల్పి కూతురు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో ఆఖరి రెండు మాటలు చదివాక జవాబు రేపు రాద్దాంలే అనిపించలేదు. నాకూ అలాంటిది ఒకటి జరిగింది. చాలా ఏళ్ళ కిందట కోనసీమలోనే ఒక పెద్దాయన తాను చేసిన కంచు బస్టుని, అంటే ఛాతీ దాకానే ఉండే విగ్రహాన్ని, ఫోటో తీయమంటే, షెడ్డులో ఇరుకుగా ఉందని బయట కొబ్బరిచెట్ల కిందకి మోయించి తీశాను. ఆకుల సందుల్లోంచి పడిన ఎండ మచ్చలు ఒక బుగ్గ మీద, ఆకుల పచ్చదనం ఇంకో బుగ్గ మీద. ఆ ఫోటో చూసి కమిటీవాళ్ళు పాలిష్ సరిగా లేదన్నారు. ఆయన రెండు రోజులు కూర్చుని ఏ లోపమూ లేని బుగ్గని మళ్ళీ రుద్దారు. తప్పు నాది, చాకిరీ ఆయనకి పడింది. అప్పటినుంచి ఏ విగ్రహం దగ్గరికి వెళ్ళినా కెమెరా సంచిలోనే ఉంచి, ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

అందుకని మొదట చెప్పేది, కెమెరా కొనకండి. మీ ఫోన్ చాలు. లైటు సంగతి చివర్లో చెబుతాను, అది కూడా ఒక్కటే, అదీ ఇప్పుడే అక్కర్లేదు.

అసలు సంగతి ఇది. మీ నాన్నగారు ఆ ముఖాన్ని ఎక్కడ నిలబడి చేస్తారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. షెడ్డులో బొమ్మ ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది కదా, తలుపో కిటికీయో ఒక పక్కగా ఉంటుంది కదా. ఆయన నెలల తరబడి ఆ పక్కవెలుగులోనే బుగ్గ ఎంత లేవాలో, కనుబొమ కింద ఎంత లోతు ఉండాలో చూసుకుంటూ మట్టి పెడతారు, తీస్తారు. అంటే ఆయన వేలు చేసిన పని సగమైతే, ఆ వెలుగు వేసిన నీడ మిగతా సగం. పోలిక అనేది ఆ రెండూ కలిస్తేనే కనపడుతుంది. మీరు ఆ బొమ్మకి ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేసి తీసినా, మిట్టమధ్యాహ్నం వాకిట్లోకి తెచ్చి తీసినా, ఆయన చూసిన నీడలు పోయి ఇంకేవో నీడలు వస్తాయి, లేదా అసలు నీడే లేకుండా పోతుంది. ఫోటో అంటేనే బల్లపరుపు కాగితం లాంటిది, దానిలో ఎత్తూ లోతూ చెప్పగలిగేది నీడ ఒక్కటే. నీడ చెరిగిపోతే బుగ్గ ఎంత ఉబ్బిందో, ముక్కు ఎంత నిలిచిందో చూసేవాడికి తెలిసే దారి లేదు. చప్పగా ఉందని వాళ్ళు అన్నది అబద్ధం కాదు, కానీ చప్పగా ఉన్నది మీ నాన్నగారి పని కాదు.

కళ్ళు చూడండి, ఇంకా బాగా అర్థమవుతుంది. విగ్రహానికి కంటిపాప మామూలుగా రంగుతో వేయరు, గుంటగా తీస్తారు. చాలామంది శిల్పులు ఆ గుంటలో ఒక చిన్న ముక్క వదిలేస్తారు, అది వెలుగు తగిలి మెరుపు చుక్కలా కనపడుతుంది. గుంటలో నీడ ఉంటేనే అది నల్లపాప అవుతుంది. పైనుంచి కొంచెం పక్కగా వెలుగు పడితే ఆ గుంటలో నీడ నిలుస్తుంది, చూపు వస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే గుంట అడుగుదాకా వెలుగు పోయి పాప మాయమైపోతుంది, విగ్రహం గుడ్డిదైపోతుంది. ఇంత శ్రమపడి చేసిన చూపుని ఒక్క బటన్‌తో చెరిపేస్తున్నాం. ఫోన్‌లో ఫ్లాష్‌ని ఈ రోజే ఆపేయండి.

ఇప్పుడు ఒక పని చేయండి, చదివి వదిలేయకుండా నిజంగా చేయండి. రాత్రి షెడ్డులో లైట్లన్నీ ఆపి, మట్టి బొమ్మ ముందు నిలబడి, ఒక్క టార్చ్ పట్టుకుని తల చుట్టూ మెల్లగా తిప్పండి. ఎదురుగా పెడితే ముఖం పలకలా ఉంటుంది. కిందనుంచి పెడితే దయ్యంలా ఉంటుంది. సరిగ్గా నడినెత్తిన పెడితే కళ్ళు రెండు నల్ల గుంటలు. పూర్తిగా పక్కకి, చెవి దగ్గరికి తెస్తే సగం ముఖం మాయం. ఈ నాలుగు చెడ్డ చోట్ల మధ్య ఒక మంచి చోటు ఉంటుంది. ముఖాన్ని గడియారం అనుకుంటే పది గంటల దగ్గరో, రెండు గంటల దగ్గరో, బొమ్మకి కొంచెం ముందుగా, తలకన్నా ఎత్తుగా. అక్కడ టార్చ్ ఆపితే ముక్కు నీడ ఏటవాలుగా పెదవి చివరవైపు జారుతుంది, కానీ పెదవిని తాకదు. దూరంగా ఉన్న బుగ్గ మీద చిన్న వెలుగు ముక్క నిలుస్తుంది. ముఖం ఒక్కసారి లేచి కూర్చున్నట్టు ఉంటుంది. అప్పుడు నాన్నగారిని పిలిచి చూపించండి. "ఇదిగో, నేను చేసింది ఇదే" అని ఆయన అన్న చోటే మీ లైటు ఉండాల్సిన చోటు. పుస్తకాల్లో నలభై అయిదు డిగ్రీలు అని రాస్తారు. మొదలుపెట్టడానికి అది మంచి లెక్కే, కానీ ముక్కు పొట్టిగా ఉన్న ముఖానికి ఒకలా, కనుబొమలు ముందుకు పొడుచుకొచ్చిన ముఖానికి ఒకలా మారుతుంది. అంబేద్కర్ గారి విగ్రహాలకి కళ్ళజోడు ఉంటుంది కదా, లైటు బాగా ఎత్తులో పెడితే ఆ ఫ్రేము నీడ తిన్నగా కళ్ళ మీద పడుతుంది. అలాంటప్పుడు కొంచెం కిందకి దించి, కొంచెం పక్కకి జరపండి.

ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడికి మీరు వెళ్ళే ఉంటారు, మీకు దగ్గరే. నల్లరాతి మూర్తి, ముందు విష్ణువు, వెనక మోహిని. మామూలు వెలుగులో ఆ నల్లరాయిలో ఏమీ తెలియదు. దీపం దగ్గరగా పట్టి చూపిస్తుంటే, దీపం కదిలే కొద్దీ వేళ్ళూ నగలూ వెనకవైపు కొప్పూ ఒక్కొక్కటే చీకట్లోంచి బయటికి వస్తాయి. నేను లైటింగ్ గురించి తెలుసుకున్నదాంట్లో చాలా భాగం అక్కడ నిలబడి చూసిందే. ఫోటో తీయడానికి కాదు, లోపల తీయకూడదు కూడా. ఊరికే చూడటానికి ఈసారి వెళ్ళండి.

పగటి సంగతికి వద్దాం, ఎందుకంటే పగటి వెలుగు ఊరికే వస్తుంది, పైగా అంత మంచి లైటు ఏ కొట్లోనూ దొరకదు. మన దగ్గర ఎండ సామాన్యమైంది కాదు. మే 7, 8 తేదీల్లో, మళ్ళీ ఆగస్టు 5, 6 ప్రాంతంలో కోనసీమలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజులకి అటూ ఇటూ వారాల తరబడి పదకొండు నుంచి రెండు దాకా బయట విగ్రహం ఫోటో తీయడం దండగ, కళ్ళ గుంటలూ గడ్డం కింద నీడా తప్ప ఏమీ రావు. డిసెంబరులో అదే మధ్యాహ్నం సూర్యుడు దక్షిణంగా యాభై డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అప్పుడు కాస్త నయం. మబ్బు పట్టిన రోజైతే మంచిదని చాలామంది అంటారు, సగమే నిజం. మబ్బు వెలుగు మెత్తగా ఉంటుంది కానీ అదీ పైనుంచే దిగుతుంది, నీడ మెత్తబడుతుందే గానీ చోటు మారదు.

దానికి విరుగుడు మన ఇళ్ళలోనే ఉంది. చూరు. వసారా చూరు కింద, అంచుకి మూడు నాలుగు అడుగుల లోపల బస్టుని పెట్టండి. పైకప్పు పైవెలుగుని ఆపేస్తుంది, తెరిచి ఉన్న వైపు నుంచి మాత్రమే వెలుగు వస్తుంది. ముఖాన్ని బయటికి తిన్నగా చూపకుండా కొంచెం వాల్చి తిప్పితే అదే మీ పక్కవెలుగు. పాత మండువా లోగిలి ఎవరిదైనా దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది, నాలుగు పక్కలా చూరు, మధ్యలోంచి ఆకాశం, దానికి మించిన స్టూడియో నేను చూడలేదు. మీ షెడ్డు తలుపు ఉత్తరం వైపుంటే అదృష్టం, సంవత్సరంలో చాలా భాగం ఎండ నేరుగా లోపలికి రాదు, రోజంతా ఒకే తీరు వెలుగు. తూర్పు, పడమరలైతే ఎండ తలుపులోకి రాని పూట చూసుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. షెడ్డు పైన నీలం టార్పాలిన్ కట్టి ఉందా? పచ్చ రేకు ఉందా? బయట అరటితోట ఉందా? వెలుగు దేన్ని తాకి వస్తే దాని రంగు పట్టుకొస్తుంది. తెల్లటి ప్లాస్టర్ మీద అది వెంటనే తెలుస్తుంది, మట్టి మీద తెలియకుండా పాడు చేస్తుంది. అలాగే లోపల ట్యూబ్‌లైటు వెలుగుతూ, బయటనుంచి పగటి వెలుగు వస్తూ ఉంటే ఒక బుగ్గ ఒక రంగు, ఇంకో బుగ్గ ఇంకో రంగు. రెండిట్లో ఒకటి ఆపేయండి. మొదటి ఫోటోలో విగ్రహం పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే తర్వాత రంగు సరిచేసుకోవడానికి ఆధారం ఉంటుంది.

నీడలు మరీ గట్టిగా, కత్తితో కోసినట్టు వస్తున్నాయంటే వెలుగు వచ్చే చోటు చిన్నదని అర్థం. ఎండ గట్టిగా ఉండేది అందుకే, సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకి అంత దూరం నుంచి చిన్న చుక్కే. చిన్న చుక్కని పెద్దది చేయాలంటే మధ్యలో ఒక తెల్లగుడ్డ కట్టాలి. నాన్నగారి పంచె ఒకటి చాలు. రెండు కర్రలకి బిగించి కట్టి తలుపుకీ బొమ్మకీ మధ్య నిలబెడితే ఆ పంచె అంతా ఒక పెద్ద లైటు అయిపోతుంది. బొమ్మకి ఎంత దగ్గరగా ఉంటే నీడ అంచు అంత మెత్తన. రంగు పంచె వద్దు, జరీ వద్దు, ఉతికిన తెల్లదే. చీకటి వైపు మరీ నల్లగా ఉంటే అటు పక్కన ఒక థర్మోకోల్ అట్ట నిలబెట్టండి. దాన్ని దగ్గరికి తెస్తూ, దూరం జరుపుతూ చూడండి. చీకట్లో చెవి కాస్త కనపడగానే ఆపేయండి. ఇంకా దగ్గరికి తెస్తే రెండు వైపులా సమానమై మళ్ళీ మొదటికొస్తుంది. అందరూ ఎక్కువగా చేసే తప్పు ఇదే, నీడని చూసి భయపడి దాన్ని చంపేయడం.

ఫోన్‌లో కొన్ని మార్చాలి. మీరు వెలుగు ఎంత బాగా పెట్టినా ఈ మధ్య ఫోన్లు తమంతట తాము నీడల్ని పైకి లేపి, వెలుగుని కిందకి దించి, అంతా సమానం చేసేస్తున్నాయి. దాన్నే హెచ్‌డీఆర్ అంటారు. సముద్రం ఒడ్డున పిల్లల ఫోటోకి అది మంచిదే, విగ్రహానికి శత్రువు. సెట్టింగ్స్‌లో ఆపండి, ఆపే వీలు లేకపోతే అన్నీ మనమే చేత్తో సర్దుకునే ప్రో మోడ్‌లోకి వెళ్ళండి. బ్యూటీ కూడా ఆఫ్, మీ నాన్నగారు పెట్టిన ముడతల్ని ఫోన్ నున్నగా చేస్తే తాతగారు తాతగారిలా ఎలా ఉంటారు? పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు, అది గాంధీగారి చేతికర్రని, చెవి అంచుని వెనకదనుకుని మసక చేసేస్తుంది.

బుగ్గలు ఉబ్బినట్టున్నాయని అన్నారు కదా, అది నీడ ఒక్కదాని తప్పు కాకపోవచ్చు. మీరు బాగా దగ్గరగా వెళ్ళి తీస్తున్నట్టున్నారు. దగ్గరగా వెళితే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి, ముఖం ఆకారమే మారుతుంది. బస్టుకైనా ఏడెనిమిది అడుగులు వెనక్కి జరిగి, ఫోన్‌లో 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ లెన్సు ఉంటే దానితో తీయండి. తొమ్మిది అడుగుల నిలువు విగ్రహమైతే పాతిక అడుగులు వెనక్కి వెళ్ళాలి. ఫోన్ ఎత్తు విగ్రహం ఛాతీ దగ్గర ఉండాలి, అంటే స్టూలో నిచ్చెనో ఎక్కాలి. కింద నిలబడి పైకి ఎత్తి తీస్తే కాళ్ళు లావుగా, తల చిన్నగా వస్తుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, మీ నాన్నగారిని అడగండి. ఎత్తయిన దిమ్మ మీద నిలబెట్టే విగ్రహానికి, కిందనుంచి చూసేవాళ్ళకి సరిగ్గా కనపడాలని తల కొంచెం పెద్దగా చేయడం శిల్పుల్లో ఉన్న పద్ధతే. అలాంటి దాన్ని ఛాతీ ఎత్తు నుంచి తీస్తే తల పెద్దదైందని పార్టీవాళ్ళు గొడవ పెడతారు. అందుకని రెండూ తీయండి, ఛాతీ ఎత్తులో ఒకటి, రేపు జనం ఏ కోణంలో చూస్తారో ఆ కోణంలో ఒకటి, ఏది ఏదో కింద రాసి పంపండి.

ఫోన్‌ని చేత్తో పట్టుకోకుండా ట్రైపాడ్ మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, ఐఎస్ఓ (ఫోన్ వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) తక్కువలో ఉంచితే వెలుగు తక్కువున్నా శుభ్రంగా వస్తుంది. విగ్రహం కదలదు, అది మనకి వరం. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకసూ వెలుగూ లాక్ అవుతాయి, తర్వాత పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని పైకీ కిందకీ జరపొచ్చు. ఫోన్‌కి తెలుపూ నలుపూ తెలియవు, ఏది చూపించినా మధ్యరకం బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. అందుకే తెల్ల ప్లాస్టర్ మురికిగా, నల్లరాయి వెలిసిపోయినట్టు వస్తాయి. తెల్లదానికి కొంచెం పైకి, నల్లదానికి బాగా కిందకి జరపండి. అయితే తెల్లదాని నుదురు మీద, ముక్కు చివర చెక్కడపు వివరం పోయి ఉత్త తెలుపు అయిపోకుండా చూసుకోండి, పోయిన వివరం తర్వాత తిరిగి రాదు.

తెల్ల ప్లాస్టర్‌తో ఎవరికైనా కష్టమే. ఫ్రాన్సులో రోడాన్ అనే మహాశిల్పి బాల్జాక్ విగ్రహం చేస్తే, ఆ ప్లాస్టర్ రూపాన్ని 1908లో స్టైకెన్ అనే ఫోటోగ్రాఫర్ ఆరుబయట పెట్టించి వెన్నెల్లో తీశాడు. రాత్రిపూట, నిమిషాల కొద్దీ షట్టర్ తెరిచి ఉంచి. పగటి ఎండలో సున్నపు ముద్దలా కనపడే తెలుపు ఆ వెన్నెల్లో కొండలా నిలబడింది. మనం వెన్నెల దాకా వెళ్ళక్కర్లేదు గానీ పొద్దున్నే ఆరూ ఏడూ మధ్య, ముఖ్యంగా ధనుర్మాసంలో మంచు పట్టిన పూట, ప్లాస్టర్ తీసి చూడండి. వెనక నల్లగుడ్డ కట్టకండి, తేడా మరీ ఎక్కువై తెలుపు పేలిపోతుంది. బూడిద రంగు దుప్పటి మంచిది, విగ్రహానికి అయిదారు అడుగులు వెనకగా.

మట్టి బొమ్మకి పెద్ద ఇబ్బంది లేదు, తడి ఆరకముందు చిన్న మెరుపు ఉంటుంది, నీళ్ళు చల్లిన వెంటనే కాకుండా కాసేపాగి తీస్తే చాలు. ఫైబర్ మీద కంచు రంగు వేసి వార్నిష్ కొడితే మెరుపు వస్తుంది, వీలైతే వార్నిష్‌కి ముందు ఒక సెట్ తీసి పెట్టుకోండి.

కంచు దగ్గర మాత్రం ఇప్పటిదాకా చెప్పినదాన్ని తిరగేసి ఆలోచించాలి. మట్టి మీద వెలుగు పడుతుంది. పాలిష్ చేసిన కంచు మీద వెలుగు పడదు, చుట్టూ ఉన్నది కనపడుతుంది. అది ఒక వంకర అద్దం. మీరు చెప్పిన తెల్ల మచ్చలు లోపం కాదు, అవి మీ షెడ్డు తలుపు, ట్యూబ్‌లైటు, ఫ్లాష్ బొమ్మలు. చుట్టూ చూడండి, ఆ మచ్చల ఆకారం పోల్చుకుంటే ఏది ఏదో మీకే తెలిసిపోతుంది. కాబట్టి కంచుకి లైటు వేయడం గురించి ఆలోచించకండి, కంచు ఏం చూడాలో ఆలోచించండి. ఒక పక్క పంచె, వీలైతే రెండు పంచెలు కలిపి కుట్టిన పెద్ద తెర, విగ్రహానికి ఎంత దగ్గరగా కుదిరితే అంత దగ్గరగా, కానీ ఫోటోలో పడకుండా. దాని వెనకనుంచి వెలుగు. అప్పుడు బుగ్గ మీద తెల్ల చుక్కకి బదులు నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా పలచబడే ఒక పొడవాటి మెరుపు వస్తుంది. కంచు కంచులా కనపడేది ఆ మెరుపువల్లే. మెరుపు పూర్తిగా తీసేస్తే అది మట్టిలా ఉంటుంది, తీసేయకండి. రెండో పక్క థర్మోకోల్‌కి బదులు నల్లగుడ్డ పెట్టండి, దుప్పటైనా గొడుగైనా సరే. ఆ నలుపు విగ్రహం అంచున సన్నటి గీతలా కనపడి దవడ రేఖని తేలుస్తుంది. తెలుపు ఎంత అవసరమో ఈ నలుపూ అంతే అవసరం. మీరు ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఎర్రచీరో పసుపు చున్నీయో ఉంటే అది తాతగారి పొట్ట మీద కనపడుతుంది. పోలరైజర్ అని ఒక ఫిల్టర్ అమ్ముతారు, వార్నిష్ మెరుపునీ నూనె రాసిన రాతి మెరుపునీ అది బాగానే తగ్గిస్తుంది కానీ లోహపు మెరుపు మీద దాదాపు పనిచేయదు, దాని కోసం డబ్బు పెట్టకండి.

లైటు కొనాలా అన్నారు. వానాకాలం నాలుగు నెలలూ, రాత్రిళ్ళు తీయాల్సి వచ్చినప్పుడూ ఒకటి ఉంటే మంచిదే. ఒక ఎల్‌ఈడీ, స్టాండుతో. డబ్బా మీద సీఆర్ఐ, అంటే ఆ లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 కన్నా ఎక్కువ ఉందో లేదో చూసి తీసుకోండి, తక్కువున్న వాటిలో కంచు రంగు పాలిపోయి వస్తుంది. పెళ్ళి పందిట్లో వాడే ఫోకస్ లైటు ఇంట్లో ఉంటే ముందు దానితోనే మొదలుపెట్టొచ్చు, పంచె వెనకే పెట్టాలి. గుడ్డకి మరీ ఆనించకండి, పాతరకం హాలోజన్ అయితే గుడ్డ కాలుతుంది. చవక ఎల్‌ఈడీ కింద తీస్తే ఫోటోలో అడ్డంగా చారలు వస్తాయి. మన కరెంటు సెకనుకి యాభై సార్లు తిరుగుతుంది కాబట్టి లైటు సెకనుకి వంద సార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు గానీ ఫోన్‌కి దొరికిపోతుంది. ప్రో మోడ్‌లో షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే చారలు పోతాయి. ఇంకొకటి, లైటు దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే నిలువు విగ్రహానికి లైటు దగ్గరగా పెడితే తల తెల్లగా మండిపోయి కాళ్ళు చీకట్లో ఉంటాయి. దూరం జరిపితే తలకీ కాళ్ళకీ ఆ తేడా తగ్గుతుంది.

మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. విగ్రహం ప్రతిష్ఠించాక దిమ్మ అడుగున నాలుగు ఫ్లడ్‌లైట్లు పెట్టి పైకి కొడుతున్నారు మన ఊళ్ళలో. రాత్రి అటుగా వెళితే ముక్కు నీడ నుదుటి మీదకి ఎక్కి ఉంటుంది. పగలంతా దండం పెట్టిన ముఖమే రాత్రి గుర్తుపట్టలేం. ఆర్డర్ మాట్లాడుకునేటప్పుడే కమిటీవాళ్ళతో నాన్నగారి చేత చెప్పించండి, ఒక పక్కగా స్తంభం వేసి పైనుంచి ఒక్క లైటు దించమని. దిమ్మకి పెట్టే ఖర్చులో అదెంత?

చేయి తిరగడానికి సెలవురోజున బిక్కవోలు వెళ్ళండి. తూర్పు చాళుక్యుల గుళ్ళు, వెయ్యేళ్ళ పైబడినవి, బయటి గోడల మీద బొమ్మలు. తూర్పు ముఖం గుడి అనుకుంటే సంక్రాంతి రోజుల్లో సూర్యుడు ఆగ్నేయం వైపు లేస్తాడు కాబట్టి పొద్దున్న ఎనిమిదింటి లోపు దక్షిణపు గోడని ఎండ గీరుకుంటూ పోతుంది, ప్రతి నగా ప్రతి మడతా లేచి కనపడుతుంది. పదింటికి వెళితే అదే బొమ్మ చదునుగా ఉంటుంది. ఉత్తరపు గోడ కావాలంటే ఎండాకాలం దాకా ఆగాలి, అప్పుడే సూర్యుడు ఈశాన్యం వైపు లేస్తాడు. ద్రాక్షారామంలోనూ అంతే. ఒకే బొమ్మని ఒకే చోట నిలబడి గంటకొకటి చొప్పున తీసి ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టుకుని చూడండి. ట్రైపాడ్‌కి ముందుగా అడగండి, గర్భగుడి వైపు ఫోన్ ఎత్తకండి.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నలిపేసి సన్నటి గీతలన్నీ మింగేస్తుంది. ఒక్కటి కాదు, ఎదురు, రెండు మూలల నుంచి ముప్పాతిక ముఖం, రెండు పక్కలు, ఇలా అయిదు, అన్నిటికీ వెలుగు ఒకే చోట. దానితో పాటు పది సెకన్ల వీడియో ఒకటి, ఫోన్ కదలకుండా, మీ తమ్ముడో ఎవరో టార్చ్‌ని ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా మెల్లగా తిప్పుతుండగా. పోలిక గురించి పేచీ పెట్టే పార్టీకి నేను మొదట పంపేది ఆ వీడియోనే.

ఆ ముక్కు సవరించిన బొమ్మ ఇంకా మట్టిలోనే ఉందా? మోల్డు వేయకముందే ఈ రాత్రి టార్చ్ పట్టుకుని నాన్నగారిని దాని ముందుకి తీసుకెళ్ళండి. పాత ముక్కే బాగుందని ఆయన అంటే, తిరిగి పెట్టడానికి ఆయనకి ఎంతోసేపు పట్టదు.